కెల్లీ ముఠా సినిమా (1906): గంట పైన ఉన్న బొమ్మలో 17 నిమిషాలే మిగిలింది, బ్యాన్ వల్లేనా?

నల్లతెర
పాత సినిమా అంటే మనోళ్ళందరూ విజయా వాహినీ దగ్గర ఆగిపోతారు, కాస్త ఓపిక ఉన్నోళ్ళు 1932 భక్త ప్రహ్లాద దాకా వెళ్తారు. ఈ థ్రెడ్ అంతకన్నా చాలా ముందు సంగతి, పైగా మన దేశం కూడా కాదు, ఆస్ట్రేలియా. 1906 డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో అథీనియం హాల్లో ఒక మూకీ రిలీజైంది, "ది స్టోరీ ఆఫ్ ది కెల్లీ గ్యాంగ్". డైరెక్టర్ చార్లెస్ టెయిట్. నెడ్ కెల్లీ అనే ఐరిష్ సంతతి కుర్రాడు, వాడి తమ్ముడు డాన్, ఇంకో ఇద్దరు స్నేహితులు బ్రిటిష్ వలస పోలీసుల్ని ఏడిపించిన కథ. అక్కడ ఇలాంటి అడవి బందిపోట్లని బుష్‌రేంజర్లు అంటారు.

అప్పట్లో సినిమా అంటే పది నిమిషాల ముక్క. ఇది గంట దాటింది. కథ చెప్పే ఫుల్ లెంగ్త్ సినిమాల్లో ప్రపంచంలో ఇదే మొదటిదని 2007లో యునెస్కో వాళ్ళు మెమరీ ఆఫ్ ది వరల్డ్ రిజిస్టర్‌లో ఎక్కించారు. ఎక్కించారు గానీ సినిమా మాత్రం లేదు, ముక్కలు ముక్కలుగా దొరికిందంతా అతికిస్తే 17 నిమిషాలు.

ఎక్కడ చదివినా "ప్రభుత్వం బ్యాన్ చేసింది అందుకే పోయింది" అని ఒక్క లైన్లో తేల్చేస్తున్నారు. నాకు నమ్మబుద్ధి కావట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

సందేహాలరావు
ఈ "ప్రపంచంలో మొదటిది" అనే బోర్డు కనపడగానే నాకు ఒళ్ళు మండుద్ది. 1897లోనే అమెరికాలో కార్బెట్, ఫిట్జ్‌సిమన్స్ బాక్సింగ్ మ్యాచ్ గంటన్నర పైనే తీశారు కదా, మరి అదేంటి?

నల్లతెర
రావుగారూ అందుకే "కథ చెప్పే" అని రాశా. బాక్సింగ్ మ్యాచ్ జరుగుతుంటే కెమెరా పెట్టి తీసుకున్నారు, కథ లేదు, వేషాలు లేవు.

సందేహాలరావు
సరే ఒప్పుకున్నా, సగం. కంటిన్యూ అవ్వండి.

యారా ఒడ్డున
మెల్‌బోర్న్ నుంచి ఒక అక్క ఎంట్రీ ఇస్తోంది, చోటివ్వండి 😀 ఆ అథీనియం ఇప్పటికీ ఉంది, కాలిన్స్ స్ట్రీట్‌లో, ఆఫీసుకి పోతూ వస్తూ చూసే బిల్డింగే. ఇండియా నుంచి ఎవరొచ్చినా వాళ్ళని స్టేట్ లైబ్రరీకి తీసుకెళ్తాం, పుస్తకాల కోసమేం కాదు, నెడ్ కెల్లీ ఇనుప కవచం అక్కడే పెట్టారు, దాని కోసం. నాగలి రెక్కల ఇనుము సాగగొట్టి చేసుకున్నారు. దగ్గరికెళ్ళి చూస్తే తూటాలు తగిలిన సొట్టలు తెలుస్తాయి. మొత్తం 44 కేజీల దాకా బరువు, అది తొడుక్కుని మనిషి ఎలా నడిచాడో అర్థం కాదు. కాళ్ళకి మాత్రం ఏమీ లేదు, పోలీసులు కొట్టింది కూడా అక్కడే.

షూటింగ్ కూడా ఊరి పక్కనే చేశారు, హైడెల్‌బర్గ్ దగ్గర చార్టర్స్‌విల్ అనే ఎస్టేట్‌లో. డైరెక్టర్ గారి భార్య ఎలిజబెత్ పుట్టింటివాళ్ళది ఆ స్థలం. ఆవిడ నెడ్ చెల్లెలు కేట్ వేషంలో గుర్రం కూడా ఎక్కింది. మొత్తానికి ఇంటిల్లిపాదీ కలిసి తీసిన సినిమా అది, మన పాత నాటక సమాజాల టైపు.

ఓరుగల్లు పిల్లోడు
అన్నా మంచి థ్రెడ్. కానీ గీ నెడ్ కెల్లీ అసలు ఏం చేసిండు? నాకు గా డబ్బా హెల్మెట్ ఫోటో తప్ప ఏం తెల్వది. దొంగనా, వీరుడా?

పాత పుస్తకం
తమ్ముడూ, ఆ ప్రశ్న మీద ఆస్ట్రేలియా వాళ్ళు 140 ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. నేను జరిగింది మాత్రం చెప్తాను.

1878 ఏప్రిల్‌లో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే కానిస్టేబుల్ డాన్‌ని అరెస్ట్ చేస్తానని కెల్లీల ఇంటికొచ్చాడు. అక్కడ గొడవైంది. నెడ్ తన మణికట్టు మీద కాల్చాడని అతను, అతను ఇంట్లో ఆడపిల్లతో తప్పుగా ప్రవర్తించాడని వీళ్ళు. చివరికి వాళ్ళమ్మ ఎలెన్‌ని, చంకలో పసిబిడ్డతో సహా, మూడేళ్ళు జైలుకి పంపారు. అక్టోబర్ 26న స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర వీళ్ళని వెతుకుతూ వెళ్ళిన పోలీసుల్లో ముగ్గుర్ని ముఠా కాల్చి చంపింది, కెనెడీ, స్కాన్లన్, లోనిగన్. దాంతో విక్టోరియా సర్కారు ఆఘమేఘాల మీద చట్టం చేసింది, వీళ్ళు కనపడితే ఎవరైనా కాల్చేయొచ్చు, విచారణ అక్కర్లేదు అని.

తర్వాత యూరోవాలో బ్యాంకు, జెరిల్డరీలో బ్యాంకు. జెరిల్డరీలో నెడ్ ఒక పెద్ద ఉత్తరం ఇచ్చి అచ్చు వెయ్యమన్నాడు, సుమారు 8,000 మాటలు, అతను చెప్తుంటే ముఠాలో ఉన్న జో బర్న్ రాశాడు. తిట్లతో మొదలై డిమాండ్లదాకా అన్నీ ఉంటాయి. అప్పుడు ఎవరూ వెయ్యలేదు. తలల మీద బహుమతి 8,000 పౌండ్లకి పెరిగింది. 1880 జూన్‌లో గ్లెన్‌రోవన్ అనే ఊళ్ళో రైలు పట్టాలు పీకించి పోలీసు రైలుని పడగొడదామని కాచుకున్నారు. స్కూలు మాస్టారు కర్నో వాళ్ళని మాటల్లో పెట్టి బయటపడి, ఎర్ర గుడ్డ, కొవ్వొత్తి పట్టుకుని రైలుని ఆపేశాడు. మిగతా ముగ్గురూ, డాన్, జో బర్న్, స్టీవ్ హార్ట్, వాళ్ళు మకాం వేసిన హోటల్లోనే చచ్చిపోయారు. నెడ్ తెల్లవారుజామున కవచంతో పోలీసుల వెనకనుంచి వచ్చి, కాళ్ళల్లో దెబ్బలు తిని దొరికాడు. నవంబర్ 11న మెల్‌బోర్న్ జైల్లో ఉరి.

ఇక్కడ ఒకటి గమనించాలి. సినిమా వచ్చింది 1906లో అంటే మధ్యలో 26 ఏళ్ళే. వాళ్ళమ్మ ఎలెన్ బతికే ఉంది, 1923 దాకా ఉంది ఆవిడ. సాక్షులు, పోలీసులు, దాచిపెట్టినవాళ్ళు, బహుమతి డబ్బు పంచుకున్నవాళ్ళు, అందరూ అవే ఊళ్ళలో ఉన్నారు.

ఆపరేటర్ బాబాయ్
తెనాలి దగ్గర మా ఊరి హాల్లో క్యాబిన్‌లోనే తెల్లవెంట్రుకలు వచ్చినోణ్ణి కాబట్టి నా వాటా నేను చెప్తా. ఈ సినిమా పొడుగు నాలుగు వేల అడుగులంట. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. మూకీ కాలంలో సెకనుకి 16 ఫ్రేములు తిప్పేవోళ్ళు అనుకుంటే సెకనుకి అడుగు లెక్క, నాలుగు వేల సెకన్లు, అంటే గంటా ఆరు నిమిషాలు. అదే ఇప్పటి 24 స్పీడులో తిప్పితే 44 నిమిషాలకి గుర్రాలు పరిగెత్తుకుంటా కథ అయిపోద్ది. చేత్తో తిప్పే మిషన్లు కదా, ఆపరేటర్ మూడ్‌ని బట్టి సినిమా నిడివి. అందుకే ఒకళ్ళు 60 నిమిషాలంటారు, ఒకళ్ళు 70 అంటారు, ఇద్దరూ కరెక్టే.

ఇంకోటి, మూకీ అంటే నిశ్శబ్దం అనుకోమాకండి. తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవోడు. తెర వెనక కొబ్బరి చిప్పలు కొట్టి గుర్రం డెక్కల చప్పుడు, ఉత్త తూటాలు పేల్చి తుపాకుల మోత. హాల్లో గోల గోల.

ఓరుగల్లు పిల్లోడు
బాబాయ్ 🔥🔥 అంటే అప్పుడే డీటీఎస్ అన్నట్టు

మన్యం గాలి
చదువుతుంటే మా అల్లూరి గుర్తొస్తన్నాడు. స్టేషన్ల మీద పడటం, పట్టుకెళ్ళిన తుపాకుల లెక్క రాసి సంతకం పెట్టి మరీ ఎళ్ళిపోవటం, తల మీద బహుమతి, పోలీసోళ్ళ కళ్ళు కప్పి తిరగటం. ఈళ్ళ ఉత్తరం, ఆయన మిరపకాయ టపా. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. అప్పట్లో మన దగ్గర ఎవడైనా దాని మీద మూకీ తీసుంటే తెల్లోడు ఊరుకునేవాడా? ఆళ్ళకి 26 ఏళ్ళకే సినిమా వచ్చింది, మనకి 1974 దాకా ఆగాల్సొచ్చింది.

పాత పుస్తకం
పోలిక బాగుంది గానీ నేను పూర్తిగా ఒప్పుకోను. రామరాజు వెనక నిలబడింది కొండ ఊళ్ళ పెద్దలైన ముట్టదారులు, పోడు పోగొట్టుకున్న మన్యం జనం, వాళ్ళ అడవి కోసం వాళ్ళు తిరగబడ్డారు. కెల్లీలు పేదవాళ్ళే, ఐరిష్ వాళ్ళుగా చిన్నచూపు పడ్డవాళ్ళే, కానీ వాళ్ళు దున్నుకున్న నేల అసలు అక్కడి ఆదివాసులది. కథలో ఆదివాసులు ఎక్కడ కనపడతారో తెలుసా, పోలీసుల వైపు. క్వీన్స్‌లాండ్ నుంచి జాడ పట్టే ట్రాకర్లని తెప్పించారు, నెడ్‌కి పోలీసులకన్నా వాళ్ళంటేనే ఎక్కువ భయం. గ్లెన్‌రోవన్‌కి వెళ్ళిన రైల్లో వాళ్ళూ ఉన్నారు. కాబట్టి తెల్లవాడి మీద తిరుగుబాటు అని మన లెక్కలో వేసుకోకూడదు, తెల్లవాళ్ళలోనే పైవాడికీ కిందివాడికీ జరిగిన గొడవ.

మన్యం గాలి
అక్కా మీరు చెప్పింది కరెక్టేగానీ, పోలీసుకి భయం పుట్టింది ఎందుకో అది రెండు చోట్లా ఒకటే. జనం దాచిపెట్టారు. అదొక్కటే నే సెప్పేది.

పాత పుస్తకం
దానికి నా దగ్గర జవాబు లేదు, ఆ మాట ఒప్పుకుంటా 🙂

మోడరేటర్
అల్లూరి మీద వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ సినిమా.

నల్లతెర
థాంక్స్ మోడ్. సరే బ్యాన్ దగ్గరికి వద్దాం. నాకు దొరికినంతలో, 1907 ఏప్రిల్‌లో బెనాల్లా, వాంగరట్టా అనే రెండు ఊళ్ళలో ఆడనివ్వలేదు. ఆ రెండూ కెల్లీ ఇలాకానే. గ్లెన్‌రోవన్ తర్వాత జో బర్న్ శవాన్ని ఫోటోల కోసం తలుపుకి వేలాడగట్టింది బెనాల్లా లాకప్‌లోనే. అక్కడ ఈ బొమ్మ వేస్తే హాల్లో సగంమంది ఆ వైపు, సగంమంది ఈ వైపు. అంతవరకు అర్థమైంది. తర్వాత 1911లో సౌత్ ఆస్ట్రేలియా, 1912లో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, వరసబెట్టి బుష్‌రేంజర్ సినిమాలన్నీ ఆపేశారు. పోలీసుల్ని వెధవల్లా చూపిస్తున్నారు, కుర్రాళ్ళు చెడిపోతున్నారు అని.

కానీ 1906కీ 1912కీ మధ్య ఆరేళ్ళు ఆడింది కదా. బ్యాన్ అంటే వెయ్యొద్దని. రీళ్ళు తగలబెట్టమని కాదు కదా?

సందేహాలరావు
ఇదే నేను అడుగుదామనుకున్నా. బ్యాన్ చేసిన పుస్తకాలు ఎక్కువ మిగులుతాయి, ఎవడో ఒకడు దాస్తాడు. సినిమా ఎందుకు మిగల్లేదు?

ఆపరేటర్ బాబాయ్
పుస్తకం చదివితే అరగదు. ప్రింటు వేసిన ప్రతిసారీ అరుగుద్ది. గేటులోంచి లాగుతుంటే పళ్ళచక్రం కన్నాలు చింపుద్ది, దుమ్ము పడితే గీతలు, పది ఊళ్ళు తిరిగేసరికి తెర మీద వాన పడతానే ఉంటది. తెగిన చోటల్లా నాలుగు ఫ్రేములు కత్తిరించి అతికిస్తాం, ఆ నాలుగు ఫ్రేములు ఇక లేనట్టే. హిట్టయిన సినిమాకే ఈ గతి ఎక్కువ, ఫ్లాపు ప్రింటు డబ్బాలో కొత్తగానే ఉంటది. ఈ కెల్లీ సినిమా ఊరూరా తిరిగింది, వెయ్యి పౌండ్లు పెట్టి తీస్తే పాతికవేలు తెచ్చిందని చెప్పుకుంటారు. అంటే ఎంత తిరిగుండాలి!

రెండోది, నైట్రేట్, అంటే ఆ రోజుల్లో ఫిల్ము చేసిన సరుకు. 1950ల మొదట్లో సేఫ్టీ ఫిల్ము వచ్చేదాకా 35 ఎంఎం అంతా అదే. తుపాకి మందుకి చుట్టం. అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు, దానికి కావాల్సిన గాలి అదే పుట్టించుకుంటది. మా గురువుగారు క్యాబిన్‌లో బీడీ ముట్టిస్తే చెంప పగలగొట్టేవోరు, ఆయన నేర్చుకుంది నైట్రేట్ రోజుల్లో మరి. కాలకపోయినా కుళ్ళిపోద్ది. ముందు బొమ్మ వెలిసిపోద్ది, తర్వాత జిగటగా అయ్యి చుట్లు చుట్లు అతుక్కుపోతాయి, తేనె లాంటి నురగ కడుద్ది, ఆఖరికి డబ్బా తెరిస్తే గోధుమరంగు పొడి. ఘాటు వాసన, ముక్కు పోద్ది.

మూడోది వెండి. ఫిల్ము మీద ఉండే మందులో వెండి ఉంటది. ఆడే రోజులు పోయిన ప్రింటుని కడిగి వెండి తీసుకుని, మిగిలిన సెల్యులాయిడ్ ఇంకోదానికి అమ్ముకునేవోళ్ళు. ఇది అన్ని దేశాల్లో జరిగిందే, మన మద్రాసులో కూడా. దాచిపెడితే ఖర్చు, అమ్మితే డబ్బు. బ్యాన్ చేసిన సినిమా అయితే ఆడించి సంపాదించేది కూడా లేదు, ఇంకెందుకు ఉంచుతారు?

నల్లతెర
బాబాయ్ దండం 🙏 ఆ చివరి లైన్‌తో నా అనుమానం సగం తీరింది. బ్యాన్ సినిమాని చంపలేదు, దాచుకోవాల్సిన కారణాన్ని చంపింది.

పాత పుస్తకం
దీనికి ఇంకో తాడు కట్టాలి. 1911లో ఆస్ట్రేలియాలో సినిమాలు జోరుగా తీశారు, బుష్‌రేంజర్లు, నేరస్తులు, బంగారు గనులు, ఒకటే సందడి. కెల్లీ సినిమాకి టెయిట్ అన్నదమ్ములతో పాటు జాన్సన్, గిబ్సన్ అని ఇద్దరు భాగస్వాములు. వీళ్ళంతా కలిసి అమాల్గమేటెడ్ పిక్చర్స్ పెట్టారు. 1913 కల్లా అది వెస్ట్స్, స్పెన్సర్స్ కంపెనీలతో కలిసిపోయి ఒకే పెద్ద గుంపయింది. జనం దాన్ని "కంబైన్" అనేవారు. హాళ్ళూ వాళ్ళవే, పంపిణీ వాళ్ళదే. బయటి దేశాల బొమ్మలు చవగ్గా దొరుకుతుంటే ఇక్కడ తియ్యడం ఎందుకు అనుకున్నారు. అంటే ప్రపంచంలో మొదటి ఫీచర్ తీసినవాళ్ళే, దిగుమతి వ్యాపారంలోకి దిగిపోయి, పాత రీళ్ళని సరుకు కింద లెక్కేశారు. పోలీసుల బ్యాన్ కథ చెప్పుకోడానికి బాగుంటుంది, విలన్ ఉంటాడు కాబట్టి. ఈ కంబైన్ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

యారా ఒడ్డున
అక్కా సూపర్. దొరికిన ముక్కల కథ నేను చెప్తా, అదే అసలైన థ్రిల్లర్. 1970ల మధ్య దాకా ఒక్క అడుగు కూడా లేదు, ఫోటోలు, పోస్టర్లు, అప్పట్లో హాల్లో ఇచ్చిన చిన్న పుస్తకం మాత్రమే. ఆ తర్వాత కొన్ని చిన్న ముక్కలు బయటపడ్డాయి. 1978లో ఒక పాత ఎగ్జిబిటర్ సామాన్లలో ఇంకో 64 మీటర్లు. 1980లో చెత్త పారబోసే చోట ఇంకొంత. 2006లో బ్రిటన్ ఆర్కైవ్‌లో ఏడు నిమిషాల వరస ముక్క దొరికింది. అదే ఏడాది కాన్‌బెరాలోని నేషనల్ ఫిల్మ్ అండ్ సౌండ్ ఆర్కైవ్ వాళ్ళు అన్నీ కలిపి డిజిటల్‌గా బాగుచేశారు. నూరేళ్ళ పండక్కి సరిగ్గా.

నెడ్ ఆఖరి పోరు చూస్తే అసలు... అతను తల మీద ఆ ఇనుప డబ్బాతో, చెయ్యి చాచి కాలుస్తూ ఉంటాడు, ఫిల్ము కుళ్ళిపోయిన మచ్చలు ఫ్రేమంతా కుతకుత ఉడుకుతూ అతన్ని మింగుతూ వదులుతూ ఉంటాయి. అది డ్యామేజ్ అని తెలుసు, అయినా డైరెక్టర్ కావాలని పెట్టిన ఎఫెక్ట్‌లా ఉంది.

సందేహాలరావు
ఆ హాల్లో ఇచ్చిన పుస్తకం సంగతి చెప్పండమ్మా. అందులో కథ మొత్తం ఉందా?

యారా ఒడ్డున
ఉందండి, ఆరు భాగాలుగా. డాన్ మీద వారెంటు, కేట్ వెంటపడ్డ పోలీసు, స్ట్రింగీబార్క్ కాల్పులు, యంగ్‌హస్బెండ్ పొలంలో అందర్నీ బంధించడం, బ్యాంకు, పోలీసులకి కబురందించే షెరిట్‌ని చంపడం, రైలు, హోటల్ ముట్టడి. డాన్, స్టీవ్ హార్ట్ ఒకర్నొకరు కాల్చుకుని చస్తారని ఉంది. చివర నెడ్ ప్రాణభిక్ష అడుగుతాడు అని రాశారు! మామూలుగా వీరుడిగా చూపించారు అని తిట్టారు కదా, మరి ఆ ముగింపు ఏంటో.

సందేహాలరావు
సెన్సార్ కోసం పెట్టుంటారు. మన పాత సినిమాల్లో కూడా దొంగ గంటన్నర హీరోగా తిరిగి ఆఖరి రీల్లో పోలీసులకి లొంగిపోతాడు కదా 😂

పాత పుస్తకం
రావుగారూ, సెన్సార్ బోర్డు ఇంకా పుట్టలేదు అప్పటికి. కానీ మీరన్న భయం ఉండే ఉంటుంది. ఇంకో మాట, ఆ సినిమాలో నెడ్ వేషం వేసింది ఎవరనేది ఇప్పటికీ వాదనే. వేషగాడు షూటింగ్ మధ్యలో మాయమైపోతే ఇంకొకరికి తొడిగించి దూరం నుంచి తీశారని ఆ కుటుంబం చెప్పేది. తల మీద డబ్బా ఉంటే లోపల ఎవరైతేనేం లెండి. ఒక కవచం నిజమైనదే అడిగి తెచ్చారని కూడా చెప్తారు, జో బర్న్‌ది, క్లార్క్ అనే పెద్దింటివాళ్ళ దగ్గర ఉండేది.

ఓరుగల్లు పిల్లోడు
గంత పెద్ద సినిమా పోయింది అంటే బాధైతది. మరి మిగతా బుష్‌రేంజర్ సిన్మలు ఉన్నయా?

నల్లతెర
చాలావరకు లేవు తమ్ముడూ. 1907 "రాబరీ అండర్ ఆర్మ్స్", 1910 "మూన్‌లైట్", 1911లో వచ్చిన "కెప్టెన్ మిడ్‌నైట్", "బెన్ హాల్" అన్నీ పోయాయి. జాన్ గావిన్ తీసిన "థండర్‌బోల్ట్" కొంత మిగిలింది. ఇంకా వెనక్కెళ్తే 1904లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు కూడా ఒక బుష్‌రేంజర్ బొమ్మ తీశారు, అవును, భజనలు చేసే సాల్వేషన్ ఆర్మీనే, వాళ్ళకి సినిమా విభాగం ఉండేది.

ఒక్కోసారి అదృష్టం కూడా ఉంటుంది. 1919లో వచ్చిన "ది సెంటిమెంటల్ బ్లోక్" అనే ఆస్ట్రేలియా మూకీ మంచి కాపీ అమెరికాలో ఒక ఆర్కైవ్‌లో ఏళ్ళ తరబడి కూర్చుంది, ఎవరికీ తెలీదు, ఎందుకంటే డబ్బా మీద "బ్లాండ్" అని రాసేశారు, ఏదో బంగారు జుట్టు పిల్ల కథ అనుకుని ఎవడూ తెరవలేదు. కెనడాలో డాసన్ సిటీలో అయితే 1978లో పాత ఈతకొలను పూడ్చిన చోట తవ్వుతుంటే ఐదొందల పైన నైట్రేట్ రీళ్ళు బయటపడ్డాయి, గడ్డకట్టిన మట్టిలో ఉండబట్టి కుళ్ళలేదు. 

మన్యం గాలి
మన ఎండలకి ఆ చాన్స్ లేదు. మన మూకీలు ఏవీ?

పాత పుస్తకం
మన రఘుపతి వెంకయ్య గారినే తీసుకోండి. బందరులో పుట్టి, మద్రాసులో ఫోటో స్టూడియో పెట్టి, బొమ్మతో పాటు శబ్దం వినిపించే క్రోనోమెగాఫోన్ అనే మిషన్ తెప్పించి, సిలోన్, బర్మా దాకా తిరిగి బొమ్మలు చూపించాడు. మౌంట్ రోడ్డులో గెయిటీ కట్టాడు. కొడుకు ప్రకాశ్‌ని విదేశాలకి పంపి పని నేర్పించి 1921లో "భీష్మ ప్రతిజ్ఞ" తీయించాడు. ఒక్క రీలు మిగల్లేదు. కెల్లీ సినిమాకి బ్యాన్ అన్నా ఉంది చెప్పుకోడానికి, భీష్ముణ్ణి ఎవరు బ్యాన్ చేశారు? ఎవరూ చెయ్యలేదు. అయినా పోయింది. నల్లతెర గారూ, మీ మొదటి ప్రశ్నకి ఇది నా సమాధానం.

బ్యాన్ చేసింది కావాలంటే అదే 1921లో "భక్త విదుర" ఉంది. విదురుడికి గాంధీ టోపీ, ఖద్దరు పెట్టి చూపించారని మద్రాసులో, కరాచీలో ఆపేశారు. అదీ పోయింది. మన తెలుగు జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి మనోళ్ళకీ ఆ బొమ్మ దక్కలేదు. బ్యాన్ అయినదీ పోయింది, అవ్వనిదీ పోయింది.

సందేహాలరావు
ఈ మాట నాకు నచ్చింది. అయితే ఒక తేడా ఉంది మేడమ్. ఆస్ట్రేలియా వాళ్ళు 1981లో ఊరూరా తిరిగి "ఇదే ఆఖరి వెతుకులాట" అని నైట్రేట్ రీళ్ళు ఏరుకొచ్చారు. మనం పూణేలో 1964లో ఆర్కైవ్ పెట్టుకుని కూడా, 2003లో అక్కడి నైట్రేట్ గోడౌన్ తగలబడితే చూస్తూ కూర్చున్నాం. ఆ ఆర్కైవ్ నడిపిన పి.కె. నాయర్ లాంటి ఒక్క మనిషి పిచ్చితో తిరిగాడు కాబట్టి ఫాల్కే రీళ్ళన్నా దక్కాయి.

టూరింగ్ మనవడు
అన్నలూ అక్కలూ, చాన్నాళ్ళుగా చదివి పోయేవాణ్ణి, ఇదే మొదటి పోస్టు. మాది ప్రొద్దుటూరు పక్క. మా జేజినాయన టూరింగ్ టాకీస్ నడిపినాడు. పాత మిద్దె పడగొట్టాలని చూస్తాంటే అటక మీద రేకు డబ్బాలు ఉండాయి, తుప్పు పట్టినాయి, కొన్నిట్లో రీళ్ళు ఉండాయి. మా చిన్నాయన పాత సామాన్లోనికి ఏసేద్దాం అంటాండాడు. బాబాయ్ చెప్పింది చదివినాంక భయం పట్టుకున్యాది. ఏం చేయాల? తెరిచి చూడొచ్చా?

ఆపరేటర్ బాబాయ్
నాయనా ముందు ఆ సామాన్లోణ్ణి ఆపు. జాగ్రత్తగా చదువుకో.

ఫిల్ము వెడల్పు చూడు. బొటనవేలంత సన్నగా ఉంటే 16 ఎంఎం, అది నైట్రేట్ కాదు, భయం లేదు. దానికి రెండింతలు ఉంటే 35. అప్పుడు అంచు మీద సన్న అక్షరాలు ఉంటాయి, ఇంగ్లీషులో సేఫ్టీ అనో నైట్రేట్ అనో. సేఫ్టీ అని ఉంటే సరే. వెనిగర్ వాసన వస్తే అది కూడా సేఫ్టీనే, కాకపోతే పాడవుతున్న సేఫ్టీ. నైట్రేట్ అని ఉన్నా, అసలు అక్షరాలే లేకపోయినా, నైట్రేట్ కిందే లెక్కేసుకో. అగ్గిపుల్లతో కాల్చి చూద్దామనే తెలివి ఎవడన్నా చెప్తే వాణ్ణి ఇంట్లోకి రానీకు.

డబ్బాలు ఎండలో పెట్టమాక, ప్లాస్టిక్ కవర్లలో చుట్టమాక, గాలి తగిలే నీడలో, వంటిల్లుకి, కరెంటు మీటరుకి దూరంగా పెట్టు. అతుక్కుపోయిన చుట్టు లాగమాక, మందు ఊడొచ్చేస్తది. డబ్బా మీద కాయితం చీటీలు ఉంటే చింపకుండా ఫోటో తీసుకో, అవి రీలుకన్నా విలువైనవి కావచ్చు.

పాత పుస్తకం
పూణే ఆర్కైవ్ వాళ్ళకి ఫోటోలతో మెయిల్ పెట్టు బాబూ, ఇప్పుడది ఎన్‌ఎఫ్‌డీసీ అనే కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ కింద ఉంది. బస్సులోనో రైల్లోనో నువ్వే మోసుకుపోవద్దు, నైట్రేట్ అయితే అలా తీసుకెళ్ళడం ప్రమాదం, వాళ్ళే ఏం చెయ్యాలో చెప్తారు.

యారా ఒడ్డున
చీటీల మీద ఏం రాసుందో ఇక్కడ కూడా పెట్టు తమ్ముడూ ప్లీజ్!! డబ్బా మీద ఉన్న పేరూ లోపల ఉన్న బొమ్మా వేరే అయి ఉండొచ్చు, బ్లాండ్ కథ విన్నావుగా.

టూరింగ్ మనవడు
సరే అక్కా. చిన్నాయనకి చెప్పి ఆపినా. రెండు డబ్బాల మీద చీటీలు ఉండాయి, ఒకదాని మీద అక్షరాలు పోయినాయి, ఇంగోదాని మీద "రీలు 7" అని మాత్రం కనిపిస్తాంది, సినిమా పేరు లేదు. ఆదివారం వెలుతురు చూసుకోని ఫోటోలు తీసి పెడతా.

సందేహాలరావు
టూరింగ్ టాకీస్ రీలు అంటే టాకీయే అయ్యుంటుంది. మూకీ అయ్యుండదు, ఆశలు పెట్టుకోకండి.

ఆపరేటర్ బాబాయ్
టాకీ అయితే మాత్రం ఏం, రావుగారూ. 1930ల తెలుగు టాకీలు ఎన్ని మిగిలినయ్యో లెక్కేశారా? అబ్బాయ్, నువ్వు ఫోటో పెట్టు, అంచుల్లో బొమ్మ పక్కన సన్నగా చార ఉందో లేదో అది కూడా కనపడేట్టు తియ్యి. ఉంటే సౌండు ట్రాకు.